నాలుగు కాళ్ల కొయోతే, రెండు కాళ్ల కొయోతే

2020 అక్టోబరు 22న అమెరికా అధ్యక్ష ఎన్నికల చివరి డిబేట్ జరిగింది. సరిహద్దు దగ్గర తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన పిల్లల సంగతేమిటని అడిగితే, పిల్లల్ని కొయోటీలూ కార్టెల్ వాళ్లూ (మత్తుమందుల ముఠాలు) రకరకాల చెడ్డవాళ్లూ తీసుకొస్తున్నారని ట్రంప్ జవాబిచ్చారు. ఆ రాత్రే సోషల్ మీడియాలో కొందరు అమెరికన్లు, వాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ రాజకీయాల్లో ఉన్నవాళ్లూ కూడా, కొయోటీ అనే కుక్కంత జంతువు పిల్లల్ని సరిహద్దు దాటించడమేమిటని ఆశ్చర్యపోతూ రాశారు. వెంటనే మిగతావాళ్లు సరిదిద్దారు. ఇక్కడ కొయోటీ అంటే జంతువు కాదు, డబ్బు తీసుకుని మనుషుల్ని దొంగదారిలో దాటించే స్మగ్లర్ అని.

సరిదిద్దినవాళ్లు చెప్పింది నిజమే గానీ, అది ఈ మాటకున్న అర్థాల్లో ఒక కొమ్మ మాత్రమే. మెక్సికోలో ఏదో ఒక ప్రభుత్వ ఆఫీసు ముందు నిలబడి కొయోతే (ఇదే మాట స్పానిష్‌లో) ఎవరని అడిగితే సరిహద్దు దాకా వెళ్లక్కర్లేదు, చేతిలో ఫైలు పట్టుకుని గేటు దగ్గర తచ్చాడే బ్రోకర్‌ని చూపిస్తారు. ఒహాకా కొండల్లో కాఫీ పండించే రైతుకైతే కొయోతే అంటే కోతల వేళకి లారీ వేసుకుని దిగే వ్యాపారి. వెరాక్రూజ్ వైపు నావాత్ల్ అనే స్థానిక భాష మాట్లాడే పల్లెల్లో అదే మాటకి మనవాడు కాని మనిషి అని అర్థం. వీళ్లందరికీ కలిపి స్మగ్లర్ అని ఒక్క ముద్ర వేసేస్తే వార్త సరిగ్గా అర్థం కాదు, ఆ మనుషులు అసలే అర్థం కారు. నాకు తోచినంతవరకు మనుషుల విషయంలో ఈ మాట నడుము ఎక్కడుందంటే "మధ్యవాడు" అనే అర్థం దగ్గర ఉంది. రెండు లోకాల మధ్య గుమ్మం దగ్గర నిలబడి, లోపలివాళ్లూ బయటివాళ్లూ నేరుగా మాట్లాడుకోలేని చోట తను పని జరిపించి, తన వాటా తను తీసుకునేవాడు. సరిహద్దు దాటించేవాడు ఆ జాతిలో ఒకడు, అదీ బాగా ఆలస్యంగా వచ్చినవాడు.

ముందు పలకడం సంగతి చూద్దాం. ఇంగ్లిష్ వాళ్లు కయోటీ అంటారు, స్పానిష్‌లో కొ-యో-తే, ఊనిక మధ్యలో "యో" మీద పడుతుంది. మాట పుట్టుకతో స్పానిష్ కాదు. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచి మధ్య మెక్సికోలో మాట్లాడుతున్న, అజ్టెక్కుల భాష అయిన నావాత్ల్‌లో ఇది "కొయొత్ల్". ఆ భాషలో బోలెడన్ని నామవాచకాలు "త్ల్" అనే ధ్వనితో ముగుస్తాయి, ఆ ధ్వని స్పానిష్ నోటికి పలక్క చాలావాటిలో "తే" అయిపోయింది. తొమత్ల్ కాస్తా తొమాతే అయింది, అవాకత్ల్ అగ్వకాతే అయింది, ఒసెలొత్ల్ ఒసెలోతే అయింది, చిరుతలాంటి పిల్లికి పేరుగా. మనం రోజూ కూరలో వేసుకునే టమాటా ఆ దారిన వచ్చిందే, అవకాడో కూడా మొదట ఆ భాష పెట్టిన పేరే. స్పెయిన్‌లో ఈ జంతువు లేదు కాబట్టి అక్కడినుంచి తెచ్చుకున్న పేరు దీనికి అతకలేదు, ఊళ్లోవాళ్లు పిలిచే పేరే మిగిలింది.

జంతువు గురించి కొంచెం తెలియాలి, ఎందుకంటే మాట నడిచిన దారి దాని అలవాట్లతో ముడిపడి ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని కానిస్ లాట్రాన్స్ అంటారు, అంటే మొరిగే కుక్క అని. 1823లో థామస్ సే అనే అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త ఆ పేరు పెట్టారు. సాధారణంగా ఇరవై కిలోల లోపే ఉంటుంది, తోడేలు కన్నా బాగా చిన్నది, మన గుంటనక్క కన్నా కాస్త పెద్దది. ఎలుకా కుందేలూ తింటుంది, పళ్లు తింటుంది, చచ్చిన పశువుని తింటుంది, చెత్తకుండీ వెతుక్కుంటుంది, వీలైతే కోళ్లగూడు మీద పడుతుంది. ముఖ్యంగా అది ఊరికి భయపడి అడవి లోపలికి పారిపోయే రకం కాదు, అలాగని ఊళ్లో పెంపుడు జంతువులా కలిసిపోయే రకమూ కాదు. ఊరి అంచున బతుకుతుంది. మనిషి తోడేళ్లని వెంటాడి చంపేసిన చోటల్లా, ఆ ఖాళీలోకి ఇది వచ్చి చేరింది. ఒకప్పుడు ఎక్కువగా మెక్సికోలోనూ అమెరికా పడమటి మైదానాల్లోనూ ఉన్న జంతువు ఇప్పుడు ఉత్తర అమెరికా ఖండంలో దాదాపు అన్నిచోట్లా ఉంది, షికాగో, లాస్ ఏంజెలెస్ లాంటి నగరాల నడిబొడ్డున కూడా.

దక్షిణానికి కూడా జరుగుతూ పోయింది. అడవులు కొట్టి పశువుల మేతకి మైదానాలు చేసిన కొద్దీ మధ్య అమెరికా దేశాలన్నీ దాటి, పనామా కాలువ కూడా దాటి, దరియన్ అడవి అంచుకి చేరింది. పనామాకీ కొలంబియాకీ మధ్య రోడ్డన్నది లేని అడవి అది. అదే దరియన్‌లో 2023 ఒక్క ఏడాదిలో 5,20,000 మందికి పైగా మనుషులు కాలినడకన ఎదురు దిశలో, అంటే ఉత్తరానికి, నడిచారని పనామా ప్రభుత్వం లెక్క చెప్పింది. నాలుగు కాళ్ల కొయోతే కిందికి దిగుతున్న దారిలోనే రెండు కాళ్ల కొయోతేల చేతిలో డబ్బు పెట్టి జనం పైకి వెళ్లారు.

ఇక అర్థాల్లోకి వెళ్దాం. కొయోతే అనగానే మోసగాడు, జిత్తులమారి అని మొదలుపెట్టే వివరణలు చాలా కనిపిస్తాయి. మనకి నక్కజిత్తులు అనే మాట ఉంది కాబట్టి అది మనకి ఇట్టే నచ్చేస్తుంది కూడా. కానీ నావాత్ల్ ప్రపంచంలో ఆ పేరు తిట్టు కాదు. 15వ శతాబ్దంలో తెస్కోకో రాజ్యాన్ని ఏలిన, కవిగా కూడా పేరున్న రాజు నెసవాల్‌కోయొత్ల్ పేరుకి అర్థం ఉపవాసమున్న కొయోతే అని. మెక్సికో 100 పెసోల నోటు మీద చాలా ఏళ్లు ఆయన బొమ్మే ఉండేది. పాటకీ ఆటకీ దేవుడు వేవేకోయొత్ల్, అంటే ముసలి కొయోతే. అజ్టెక్ యోధుల్లో కొందరు కొయోతే వేషంలో ఉండే దుస్తులు వేసుకుని యుద్ధానికి వెళ్లేవాళ్లు. మెక్సికో నగరంలో ఫ్రీదా కాలో నీలం రంగు ఇల్లు చూడ్డానికి టూరిస్టులు క్యూ కట్టే పేట కొయొవాకాన్ పేరుకి అర్థం కొయోతేలున్న చోటు అని, అక్కడి పార్కులో ఫౌంటెన్ మధ్య రెండు కొయోతే విగ్రహాలు కూడా ఉన్నాయి.

16వ శతాబ్దంలో బెర్నార్దీనో దె సహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి నావాత్ల్ పెద్దలతోనే చెప్పించి, వాళ్ల భాషలోనే రాయించి, పన్నెండు భాగాల మహా గ్రంథం తయారుచేశారు. ఇప్పుడది ఫ్లోరెన్స్ లైబ్రరీలో ఉంది. అందులో జంతువుల గురించిన భాగంలో కొయోతే మీద ఒక కథ ఉంది. ఒక యోధుడు దారిన పోతుంటే కొయోతే ఒకటి ముందు కాలు ఎత్తి రమ్మన్నట్టు సైగ చేసింది. దగ్గరికెళ్లి చూస్తే దాని మెడకి పాము చుట్టుకుని ఉంది. ఎవరిని కాపాడాలా అని కాసేపు ఆలోచించి, కర్ర తీసుకుని పాముని కొట్టాడు, పాము వదిలేసింది, కొయోతే పొదల్లోకి పారిపోయింది. కాసేపటికి అదే కొయోతే రెండు టర్కీ కోళ్లని మెడలు పట్టుకుని తెచ్చి అతని ముందు పెట్టింది, తీసుకో అన్నట్టు మూతితో నెట్టింది. తర్వాత మళ్లీ అతని ఇంటికి కూడా తెచ్చింది. అదే చోట ఇంకో మాట కూడా ఉంది. దాని వేటని ఎవరైనా లాక్కుంటే మర్చిపోదు, పగబట్టి వచ్చి వాళ్ల కోళ్లని చంపుతుంది అని. చేసిన మేలుకి ప్రతిఫలం ఇస్తుంది, చేసిన అన్యాయానికి బదులు తీర్చుకుంటుంది. అంటే లెక్క చూసుకునే జంతువు. ఆ రెండు కోళ్లు ఎవరి దొడ్లోవి అనే ప్రశ్న మాత్రం కథలో రాదు.

స్పానిష్ పాలన వచ్చాక మాట మనుషుల మీదికి ఎక్కింది, ఎక్కిన తీరు బాగాలేదు. 18వ శతాబ్దంలో మెక్సికోలో "కాస్తా" (స్పానిష్‌లో జాతి) చిత్రాలని ఒక తరహా బొమ్మలు గీసేవాళ్లు. ఒక్కో బొమ్మలో అమ్మ, నాన్న, బిడ్డ. ఎవరికీ ఎవరికీ పుడితే బిడ్డ ఏ జాతి అవుతుందో కింద రాసి ఉంటుంది. మిగేల్ కబ్రేరా అనే పేరున్న చిత్రకారుడు 1763లో గీసిన వరసలో "మెస్తీసోకీ ఇండియన్ స్త్రీకీ పుట్టినవాడు కొయోతే" అని ఉంటుంది. ఇక్కడ ఇండియన్ అంటే మన దేశం వాళ్లు కాదు, అమెరికా ఖండపు స్థానికులు. మెస్తీసో అంటేనే స్పెయిన్ రక్తం, స్థానిక రక్తం కలిసినవాడు. అతనికి మళ్లీ స్థానిక స్త్రీతో పుడితే ఆ బిడ్డకి జంతువు పేరు పెట్టారు. ఆ పట్టికల్లో తోడేలు అని అర్థం వచ్చే లోబో కూడా ఉంది. స్వచ్ఛమైన స్పెయిన్ వంశాలకి ఇలాంటి పేర్లు ఉండవని వేరే చెప్పక్కర్లేదు. ఇవి బొమ్మలకే పరిమితం కాలేదు, ఉత్తరాన న్యూ మెక్సికో (ఇప్పుడు అమెరికాలో ఒక రాష్ట్రం) లాంటి చోట్ల జనాభా లెక్కల్లో, చర్చి రిజిస్టర్లలో కూడా మనుషుల పేర్ల పక్కన కొయోతే అని రాసేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక 1822లో మెక్సికో అలా జాతి రాయడాన్ని రద్దు చేసింది. కాగితం మీద పోయింది గానీ మాట పోలేదు, న్యూ మెక్సికోలో స్పానిష్ వాళ్లకీ తెల్లవాళ్లకీ పుట్టిన పిల్లల్ని ఆ తర్వాత కూడా చాలాకాలం అలాగే పిలిచారు.

ఇక్కడ నన్ను బాగా ఆలోచనలో పడేసిన మలుపు ఒకటుంది. వెరాక్రూజ్ ఉత్తర భాగం కలిసిన వాస్తేకా ప్రాంతంలో ఇప్పటికీ నావాత్ల్ మాట్లాడేవాళ్లు కొయొత్ల్ అంటే మెస్తీసో అనే అర్థంలో వాడతారు. అంటే స్థానికుడు కానివాడు, పట్నపు మనిషి, స్పానిష్ మాట్లాడేవాడు, భూమి కాగితాల కోసమో అప్పు వసూలు కోసమో ఊళ్లోకి వచ్చేవాడు. తెల్లవాళ్ల పట్టికలో కొయోతే అంటే స్పెయిన్ వాళ్లకి దూరంగా, ఇండియన్లకి దగ్గరగా ఉన్నవాడు. ఇండియన్ల నోట అదే మాట తమకి దూరంగా, అవతలివాళ్లకి దగ్గరగా ఉన్నవాడు. రెండు వైపులా మనవాడు కాదని నెట్టేస్తున్నది ఒకే మనిషిని, మధ్యలో ఉన్నవాణ్ణి. అతనికి రెండు భాషలూ వస్తాయి, రెండు చోట్లా తిరగగలడు, కాబట్టి అవసరం పడుతుంది, కాబట్టే నమ్మకం ఉండదు. జాతి పేరు దళారి పేరుగా మారిందని కాగితం చూపించి నిరూపించలేను. కానీ రెండింటి అడుగున ఉన్న బొమ్మ ఒకటేనని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

దళారి అర్థం మెక్సికోలో ఎంత మామూలంటే దానికి క్రియ కూడా ఉంది, కొయొతెఆర్, అంటే దళారీ పని చేయడం. ఆ పనికి పేరు కొయొతాహె. లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, జనన ధ్రువపత్రం, ఇలా ఎక్కడ లైను పొడుగ్గా ఉండి ఫారం అర్థం కాకుండా ఉంటుందో అక్కడ గేటు బయట ఇతను ఉంటాడు. ఇదే పని చట్టబద్ధంగా ఆఫీసు పెట్టుకుని చేసేవాణ్ణి హెస్తోర్ అంటారు. ఇతనికి ఆఫీసు ఉండదు, లోపల తెలిసినవాడు ఉంటాడు, అంతే తేడా. మెక్సికో నగరం మధ్యలో జోకలో చౌరస్తా పక్కన 1775లో పెట్టిన మోంతె దె పియెదాద్ అనే పాత తాకట్టు సంస్థ ఉంది. దాని బయట ఫుట్‌పాత్ మీద వచ్చేపోయేవాళ్లని బంగారం అమ్ముతారా అని అడిగేవాళ్లనీ కొయోతేలనే అంటారు. లోపల నగ కుదువ పెట్టి ఇక విడిపించుకోలేమనుకున్నవాళ్ల దగ్గర ఆ తాకట్టు చీటీ తక్కువకి కొనేసి, తర్వాత నగ విడిపించుకుంటారు. దొంగతనం కాదు, ఎవరినీ బెదిరించరు. లోపలికీ బయటికీ మధ్య ఉన్న తేడాని అమ్ముకుంటారు.

కాఫీ దగ్గరికి వచ్చేసరికి ఈ మాటలో నొప్పి పెరుగుతుంది. చియాపాస్‌లో, ఒహాకాలో, గ్వాటెమాలాలో ఎకరం రెండెకరాల కాఫీ ఉన్న స్థానిక రైతులకి ఎండబెట్టిన గింజల్ని పట్నం చేర్చే బండి లేదు, అక్కడి ధర ఎంతో తెలీదు, స్పానిష్ అంతంతమాత్రం. కొయోతే వచ్చి ఇంటి ముందే తూకం వేసుకుంటాడు. తూకం అతనిదే, ధర అతనిదే. పంటకి ముందు మొక్కజొన్నకో మందులకో అప్పు ఇచ్చింది కూడా చాలాసార్లు అతనే, కాబట్టి వేరేవాళ్లకి అమ్మే దారి ఉండదు. 1983లో ఒహాకాలో యుసీరీ అనే రైతుల సహకార సంఘం పుట్టింది ప్రధానంగా ఈ కొయోతేని దాటిపోవడానికే. వాళ్లతో పనిచేసిన డచ్ పాదిరీ ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ చొరవతో 1988లో నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ అనే ముద్ర మొదలైంది, ఇవాళ షాపుల్లో కాఫీ ప్యాకెట్ల మీద కనిపించే ఫెయిర్ ట్రేడ్ ముద్రలకి తొలి రూపం అదే. ఆ మరుసటేడే, 1989లో, ప్రపంచ కాఫీ ఒప్పందంలోని కోటాలు కుప్పకూలి ధర పడిపోయింది, మెక్సికో ప్రభుత్వ కాఫీ సంస్థ కొనుగోళ్ల నుంచి తప్పుకుంది. ప్రభుత్వం ఖాళీ చేసిన జాగాలోకి మళ్లీ కొయోతేలే వచ్చారు. తోడేళ్లు పోయిన చోటికి ఆ జంతువు చేరిన తీరే ఇది.

ఇక సరిహద్దు. అమెరికాలో పొలం పనులకి మెక్సికో కూలీల్ని ఒప్పందం మీద పంపే బ్రసేరో పథకం 1942 నుంచి 1964 దాకా నడిచింది, ఆ కాలంలో దాదాపు 46 లక్షల ఒప్పందాలు జరిగాయి. వెళ్లాలనుకునేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. సొనోరాలోని ఎంపాల్మె లాంటి ఎంపిక కేంద్రాల దగ్గర రైతులు రోజుల తరబడి పడిగాపులు పడేవాళ్లు, జాబితాలో పేరెక్కాలంటే ఎవరో ఒకరికి డబ్బు ముట్టాలి. ఆ డబ్బు తీసుకుని పేరెక్కించేవాడు కొయోతే. గమనించండి, అతను చేస్తున్నది ఇంకా ఆఫీసు గేటు దగ్గర చేసే పనే, చట్టబద్ధమైన కాగితం ఇప్పించడమే. కాకపోతే ఆ కాగితం చివర అమెరికా ఉంది. పథకం ఆగిపోయాక, ఆపైన 1965 చట్టంతో ఆ ఖండం నుంచి వచ్చేవాళ్లకి మొదటిసారి సంఖ్యా పరిమితి పెట్టాక, కాగితం దొరికే దారి మూసుకుపోయింది. పని మాత్రం అవతల అలాగే ఉంది. కాగితం ఇప్పించే మనిషి దారి చూపించే మనిషి అయ్యాడు. నా దృష్టిలో ఈ మాట చరిత్రలో అసలు కీలు ఇదే. చాలామంది వివరణల్లో ఇది వదిలేసి నేరుగా జిత్తులమారి జంతువు నుంచి స్మగ్లర్‌కి దూకుతారు.

1990ల దాకా చాలామంది పెద్ద ఖర్చు లేకుండా, కొందరు ఎవరి సాయమూ లేకుండా, తిహువానా దగ్గరో ఎల్ పాసో దగ్గరో దాటేసేవాళ్లు. 1993లో ఎల్ పాసోలో, 1994లో శాన్ డియాగోలో అమెరికా భారీగా కాపలా పెట్టింది, ఆ రెండో దాని పేరు ఆపరేషన్ గేట్‌కీపర్. దాంతో జనం అరిజోనా ఎడారి వైపు మళ్లారు. ఎడారిలో దారి తెలియకపోతే నీళ్లు లేక చస్తారు, కాబట్టి కొయోతే లేకుండా కుదరదు. కాపలా పెరిగినకొద్దీ అతని అవసరం పెరిగింది, ధర పెరిగింది, ధర పెరిగేసరికి ఊళ్లో తెలిసిన ఒక్క మనిషి చేసే పని కాస్తా చేతులు మారే గొలుసు అయింది, ఆ గొలుసు దాటే ప్రతి జాగాకీ కప్పం కట్టించుకునే కార్టెల్ వచ్చి కూర్చుంది.

ఈ వ్యాపారం నడిచే తీరు చూస్తే దళారి వాసన ఇంకా పోలేదు. గ్వాటెమాలా పల్లెల్లో కొయోతే పోస్టరు వేసుకోడు, చుట్టాలూ పక్కింటివాళ్లూ చెబితేనే దొరుకుతాడు, "నమ్మకమైన కొయోతే" అని ప్రత్యేకంగా అంటారు. డబ్బు కొంత బయల్దేరేటప్పుడు, మిగతాది మనిషి చేరాక. ఒకే ధరకి మూడు ప్రయత్నాలు అనే లెక్క అక్కడ మామూలు, పట్టుబడి వెనక్కి వస్తే మళ్లీ తీసుకెళ్లాలి. 2021లో టెక్సస్ వైపు రియో గ్రాండే ఒడ్డున రంగురంగుల ప్లాస్టిక్ చేతిపట్టీలు తెగి పడి కనిపించాయి. ఆసుపత్రిలో పేషెంటుకి కట్టే పట్టీ లాంటివి, కొన్నింటి మీద స్పానిష్‌లో "ఎంత్రేగాస్" అనీ కొన్నింటి మీద "యెగాదాస్" అనీ ఉంది. మొదటిది డెలివరీలు, రెండోది రాకలు. ఎవరు ఎవరికి డబ్బు కట్టారో గుర్తుకి మనుషుల మణికట్టుకి కట్టినవి అవి. కొరియర్ పార్సిల్ మీద అంటించే చీటీకీ దానికీ తేడా లేదు, నది దాటగానే తెంపి పారేశారు.

ఈ రంగంలో కొయోతే ఒక్కటే జంతువు కాదు. సరిహద్దు పట్టణాల్లో ఇంకా ఎక్కువగా వినపడే మాట పొయెరో, కోళ్లవాడు అని. దాటేవాళ్లు పోయోస్, అంటే కోళ్లు. జాగ్రత్తగా మాట్లాడేవాళ్లు తేడా చూపిస్తారు, బేరం కుదిర్చి ఏర్పాట్లన్నీ చూసేవాడు కొయోతే, వెంట ఉండి నడిపించేవాడు పొయెరో అని. మామూలు మాటల్లో రెండూ కలిసిపోతాయి. రియో గ్రాండే దిగువన పడవమీదో ట్యూబుమీదో నది దాటించేవాణ్ణి పతేరో అంటారు. పోలీసులు వస్తున్నారేమో చూసి కార్టెల్‌కి కబురు చెప్పేవాడు అల్కోన్, డేగ. ఒంటిమీదో కడుపులోనో మత్తుమందు మోసేవాళ్లు మూలాస్, కంచర గాడిదలు. ఈక్వడార్‌కి వెళ్తే మాట కాస్త సాగి కొయొతేరో అవుతుంది, వాడికిచ్చే డబ్బు కోసం వడ్డీకి అప్పు ఇచ్చేవాణ్ణి చుల్కేరో అంటారు. అక్కడి కొండ ఊళ్లలో కొడుకు అమెరికా వెళ్లాక మిగిలేది చుల్కేరో దగ్గర తాకట్టులో ఉన్న ఇల్లు. స్పెయిన్‌లో మాత్రం కొయోతే అంటే మామూలుగా జంతువే.

మనవాళ్లు వార్తలు రాసేటప్పుడు ఎక్కువగా తడబడే చోటు ఇప్పుడొస్తోంది. స్పానిష్‌లో, చట్టంలో కూడా, రెండు వేరు నేరాలున్నాయి. త్రాఫికో దె మిగ్రాంతెస్ అంటే వెళ్లాలని తనంతట తాను డబ్బు కట్టినవాణ్ణి దొంగదారిలో దాటించడం. త్రాతా దె పెర్సోనాస్ అంటే మనిషిని మోసంతోనో బలవంతంతోనో పట్టుకుని వ్యభిచారానికో వెట్టికో వాడుకోవడం. 2000లో ఐక్యరాజ్యసమితి కూడా వీటికి రెండు వేర్వేరు ఒప్పందాలు చేసింది. చిక్కేమిటంటే స్పానిష్ త్రాఫికో చెవికి ఇంగ్లిష్ ట్రాఫికింగ్‌లా వినిపిస్తుంది, అర్థం మాత్రం స్మగ్లింగ్. తెలుగులో మనం రెండింటినీ మానవ అక్రమ రవాణా అనేస్తున్నాం. కొయోతే చేసేది మొదటిది, మెక్సికో వలస చట్టంలో దానికి 8 నుంచి 16 ఏళ్ల జైలు. మొదటిది రెండోదిగా మారిపోవడం నిజంగా జరుగుతుంది, దారి మధ్యలో ఇంట్లో బంధించి ఇంకా డబ్బు పంపమని ఇంటికి ఫోన్ చేయించిన సంఘటనలు తక్కువేం కాదు. 2022 జూన్‌లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో శివారులో వదిలేసిన ట్రెయిలర్‌లో ఎండకి ఉడికిపోయి 53 మంది చనిపోయారు. వాళ్లని ఎవరూ ఎత్తుకురాలేదు, అప్పులు చేసి, నమ్మి ఎక్కారు. రెండు నేరాలనీ కలిపేస్తే వాళ్లెందుకు నమ్మారనే ప్రశ్న మనం అసలు వేసుకోం.

ఆ నమ్మకం తెలుగువాళ్లకి బాగానే అర్థమవుతుంది, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కి వెళ్లినవాళ్లున్న ఇళ్లలో ఏజెంటు అనే మాటలో ఉన్న బరువు ఇదే కాబట్టి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు వేరు, ఊళ్లో తెలిసిన సబ్ ఏజెంటు వేరు. మనవాళ్లు డబ్బు పెట్టేది ఎక్కువగా రెండోవాడి చేతిలోనే, ఎందుకంటే వాడు పక్క ఊరివాడు, ఇంతకుముందు ఎవరో ఒకరిని పంపించాడు. ఈమధ్య మన పత్రికల్లో వస్తున్న డంకీ రూట్ (దేశాలు దాటుకుంటూ దొంగదారిన అమెరికా చేరే దారి) వార్తలు కూడా చివరికి ఈ కొయోతే దగ్గరికే చేరతాయి. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయుల్ని సంకెళ్లతో తెచ్చిన అమెరికా సైనిక విమానం అమృత్‌సర్ వచ్చినప్పుడు, వాళ్లలో కొందరు దరియన్ అడవీ మెక్సికో దారీ నడిచిన సంగతి చెప్పారు. ఊళ్లో ఏజెంటు అన్నవాడే ఆ చివర కొయోతే చేతికి అప్పగిస్తాడు. మధ్యలో ఎంతమంది చేతులు మారారో ప్రయాణించినవాళ్లకే తెలియదు.

ఇంత బరువైన మాటకి మెక్సికోలో తేలికైన వాడుకలూ ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం చేశాక కుర్చీలోనే ఒక కునుకు తీయడాన్ని చిన్న కొయోతే వేయడం అంటారు, కొయొతీతో. సొనోరా రాష్ట్రంలో ఎర్మొసీయో నగరంలో కొయోతాస్ అని బెల్లం లాంటి పాకం లోపల పెట్టి కాల్చిన పలచటి గుండ్రటి తీపి రొట్టెలు దొరుకుతాయి. ఊరికెళ్లినవాళ్లు వాటిని కట్టించుకు రాకుండా రారు. మిశ్రమ జాతి స్త్రీని కొయోతా అనేవాళ్లు కాబట్టి, చేసిన ఆమెని బట్టి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. సరిహద్దు పనిలో ఉన్న ఆడవాళ్లని కూడా ఇప్పుడు కొయోతా అంటున్నారు.

స్పానిష్ వాక్యంలో ఏ కొయోతేనో పోల్చుకోవడం అంత కష్టం కాదు. "సె ఫ్వే కొన్ కొయోతే" అని, ముందు "ఒక" గానీ "ఆ" గానీ లేకుండా వస్తే, ఎవరి సాయంతోనో సరిహద్దు దాటి వెళ్లాడని. బస్సులో వెళ్లాడు అన్నంత మామూలుగా అంటారు ఆ మాట. "కొయోతేకి అమ్మేశాను" అని రైతు అంటే పంట దళారికి పోయింది. ఆఫీసు పేరు పక్కన కనిపిస్తే బ్రోకర్. నావాత్ల్ ఊళ్లో ఎవరైనా మిమ్మల్నే అలా పిలిస్తే తిట్టారని అనుకోవద్దు, మీరు బయటివాళ్లని చెబుతున్నారు. తెలుగులో రాసేటప్పుడు అన్నిటికీ గుంటనక్క అని పెడితే కథల వాసన వచ్చేస్తుంది, అన్నిటికీ స్మగ్లర్ అని పెడితే కాఫీ రైతు ఇంటి ముందు తూకం వేసేవాడు కూడా తుపాకీ పట్టుకున్నట్టు కనిపిస్తాడు. పంట దగ్గర దళారి, ఆఫీసు దగ్గర బ్రోకర్, సరిహద్దు దగ్గర దాటించేవాడు అని చోటుని బట్టి రాసి, మొదటిసారి వచ్చినప్పుడు కొయోతే అనే మాట కూడా పక్కన ఉంచితే చాలు.